కార్డు అత్తగారింట్లో, కడుపు పుట్టింట్లో

పోయిన సంచికలో 'అంగన్‌వాడీ సరుకుల విషయంలో ఏమైనా ఇబ్బందులుంటే రాయండి' అని ఈ శీర్షిక చివర ఒక ముక్క వేశాం. ఒంగోలు, నెల్లూరు వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. వాటిలో చాలావరకు భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, పెళ్లి కాకుండా తల్లయినవాళ్లు రాసినవి, లేకపోతే వాళ్ల కోసం వాళ్ల అమ్మలు రాసినవి. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనబెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. ఊరి పేరు, సొంత పేరు వేయొద్దన్నవాళ్లవి వేయలేదు.

ప్రశ్న: మాది కొండపి వైపు. పోయినేడు పెళ్లయింది. మూడో నెల వచ్చాక మా ఆయన వదిలేసి వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడు. ఇప్పుడు ఐదో నెల, మా అమ్మ దగ్గర ఉంటున్నా. పొగాకు గ్రేడింగ్‌కి పోతున్నా. ఇక్కడ అంగన్‌వాడీకి పోతే 'నీ పేరు అత్తగారి ఊళ్లో ఉంది, రేషన్ కార్డూ అక్కడే ఉంది, మీ ఆయన ఆధార్ తెస్తే చూద్దాం' అన్నారు. ఆయన ఎక్కడున్నాడో నాకే తెలియదు, ఆధార్ ఎట్టా తేవాలి?

జవాబు: తేవక్కర్లేదు తల్లీ. ఆ మాట ఎవరన్నా సరే, తప్పు.

2013లో వచ్చిన ఆహార భద్రత చట్టంలో నాలుగో సెక్షన్ ఏం చెబుతుందంటే, ప్రతి గర్భిణికీ, బిడ్డ పుట్టాక ఆరు నెలల దాకా ప్రతి బాలింతకీ, దగ్గరున్న అంగన్‌వాడీ ద్వారా ఉచితంగా ఆహారం అందాలి. అందులో భర్త ఊసే లేదు. రేషన్ కార్డు ఊసూ లేదు. అంతకంటే ముందే, 2004 అక్టోబరులో సుప్రీంకోర్టు అంగన్‌వాడీ ఆహారానికి పేదరికపు గీతను అర్హతగా పెట్టడానికి వీల్లేదని ఆదేశించింది. అంటే తెల్లకార్డు ఉందా, ఎవరి కార్డులో ఉన్నావు అన్న లెక్క రేషన్ డిపో దగ్గర మాట, అంగన్‌వాడీ దగ్గర ఆ లెక్క లేదు. నువ్వు గర్భిణివి, ఆ ఊళ్లో ఉంటున్నావు, అంతే చాలు.

మరి వాళ్లెందుకు కాదన్నారంటే, అత్తగారి ఊళ్లో నీ పేరు ముందే పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించి ఉంటారు. ఒక ఆధార్ నంబరు రెండు కేంద్రాల్లో ఎక్కదు. దానికి మందు మీ ఆయన ఆధార్ కాదు, నీ పేరును ఆ కేంద్రం నుంచి ఈ కేంద్రానికి మార్చడం. వలస వెళ్లినవాళ్ల కోసం ఆ యాప్‌లోనే ఆ ఏర్పాటు ఉంది, ఒక్క రాష్ట్రంలోనే కాదు, వేరే రాష్ట్రానికి వెళ్లినా మార్చుకోవచ్చు. టీచరుకు అది చేయడం రాకపోతే సెక్టార్ సూపర్‌వైజర్ చేయిస్తారు. నువ్వు అత్తగారి ఊరు వెళ్లి ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు.

ఇక డబ్బు సంగతి. ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతల్లో వస్తాయి. గర్భం నమోదై ఒకసారి చెకప్ అయ్యాక 3,000, బిడ్డ పుట్టుక నమోదై మొదటి విడత టీకాలన్నీ పడ్డాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే ఒకేసారి 6,000 ఇస్తారు. 2022 నుంచి అమల్లో ఉన్న కొత్త నిబంధనల్లో భర్త ఆధార్ తప్పనిసరి కాదు. భర్త వదిలేసినవాళ్లు, ఒంటరి తల్లులు ఈ పథకానికి దూరం కాకూడదనే ఆ షరతు తీసేశారు. ఇది నీలాంటివాళ్ల కోసమే మార్చిన నిబంధన, గట్టిగా అడుగు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పయితే జననీ సురక్ష కింద పల్లెటూరి పేద తల్లులకు వచ్చే డబ్బు వేరే, దీంతో అది పోదు.

అయితే ఒకచోట మాత్రం మీ ఆయన నిజంగానే అడ్డం పడొచ్చు. నీ ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఎవరిది? మన ఊళ్లలో చాలామంది ఆడపిల్లలకు పెళ్లయ్యాక ఆధార్ అప్‌డేట్ చేయించేటప్పుడు మొగుడి నంబరే ఇచ్చేస్తారు. అప్పుడు ఓటీపీ అతని ఫోన్‌కు పోతుంది, ఇక్కడ నువ్వు ఎన్ని కాగితాలు ఇచ్చినా పని ముందుకు కదలదు. కాబట్టి అన్నిటికంటే ముందు ఆధార్ సెంటరుకు గానీ, ఆధార్ సేవలున్న పోస్టాఫీసుకు గానీ నువ్వే వెళ్లి, వేలిముద్ర వేసి నీ నంబరు ఎక్కించుకో. పాత నంబరు చేతిలో లేకపోయినా ఫర్వాలేదు. ఆ తర్వాత బ్యాంకుకు వెళ్లి నీ ఒక్కదాని పేరున ఉన్న అకౌంటుకే ఆధార్ లింకయిందా అని అడుగు. డబ్బు పోయి పడేది ఆధార్‌కు లింకయిన ఖాతాలోనే. అది మీ ఇద్దరి పేరు మీద తీసిన ఖాతా అయితే తర్వాత బాధపడి లాభం లేదు.

ఇంకోటి, నువ్వు అడగలేదు, అయినా చెప్పకుండా ఉండలేను. ఈ కాన్పు అయ్యేదాకా గ్రేడింగ్ మానేయమ్మా. ఆకులోని నికోటిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, ఆ దుమ్ము పీలిస్తే ఇంకా ఎక్కువ. కూలి పోతే ఇల్లు ఎట్టా గడుస్తుందని అంటావు, ఆ కష్టం నాకు తెలుసు. ఉపాధి హామీ జాబ్ కార్డులో పేరుంటే నీడ పట్టున చేసే తేలిక పని ఇమ్మని ఫీల్డ్ అసిస్టెంటును అడుగు, గర్భిణులకు అలాంటి పని ఇవ్వాలి. పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గరికి మాత్రం వద్దు.

ప్రశ్న: మాది ఇందుకూరుపేట దగ్గర. మా ఆయన పోయి నాలుగు నెలలు, పాపకు రెండు నెలలు. అత్తమామలతోనే ఉంటున్నా. అంగన్‌వాడీ సరుకులు వస్తాయి గానీ వారం తిరక్కుండానే అయిపోతాయి. ఆడబిడ్డ పిల్లలు కూడా మా ఇంట్లోనే ఉంటారు. గుడ్డు ముందర పెట్టుకుని నేనొక్కదాన్నే తినాలంటే ముద్ద దిగదు. ఏం చేయమంటారు?

జవాబు: నీ ఉత్తరం చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదమ్మా. నీ మీద తప్పేమీ లేదు. పిల్లలు చూస్తుండగా తినలేకపోవడం మంచి మనసున్నవాళ్లకే వస్తుంది. కానీ ఆ సరుకులు ఎవరి కోసమో, ఎంత లెక్క వేసి ఇస్తున్నారో ఇంట్లోవాళ్లకు తెలియక అట్టా జరుగుతోంది. తెలిస్తే చాలామంది మారతారు, నేను చూశాను.

లెక్క ఇదీ. పాలిచ్చే తల్లికి ఇంట్లో తినే తిండి కాకుండా, అదనంగా, రోజుకు 600 క్యాలరీలు, 18 నుంచి 20 గ్రాముల మాంసకృత్తులు అందాలని 2013లో ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడే రాసి పెట్టారు. ఒక గుడ్డులో ఆరు గ్రాములుంటుంది. గ్లాసుడు పాలలో మరో ఆరేడు. పప్పు, చిక్కీ కలిస్తే మిగతాది. మన రాష్ట్రంలో ఇచ్చే నెల సరుకుల్లో 25 గుడ్లు, 5 లీటర్ల పాలు పెట్టింది దాదాపు రోజుకొక గుడ్డు, ఒక గ్లాసు పాలు నీ ఒక్కదానికే సరిపోవాలని. బియ్యం, పప్పు, నూనె ఎట్టాగూ అందరి కుండలోకే పోతాయి, వాటి గురించి పంచాయితీ పెట్టుకోవద్దు. గుడ్లు, పాలు, రాగిపిండి, ఖర్జూరం, చిక్కీ, ఈ ఐదూ మాత్రం నీవి. ఇవి నువ్వు తింటేనే పాపకు పాలు. పాప తినేది నీ ఒంట్లోంచే కదా!

ఎట్టా అంటే, గుడ్లన్నీ ఒకేసారి వంటింట్లో పెట్టకు. మీ అంగన్‌వాడీ టీచరును అడిగి గుడ్లు వచ్చిన విడతలో వచ్చినట్టే తెచ్చుకో, నెలది మొత్తం ఒకేసారి మోసుకురావద్దు. పొద్దున్నే అందరూ లేవకముందు, పాపకు పాలిచ్చే వేళకు నీకూ ఆకలేస్తుంది చూడు, అప్పుడు ఒక గుడ్డు ఉడకేసుకుని తిను. సాయంత్రం రాగి జావలో బెల్లం వేసుకుని తాగు. ఇది దొంగతనం కాదమ్మా, మందు వేసుకున్నట్టే అనుకో. ఆడబిడ్డ పిల్లల వయసు నువ్వు రాయలేదు. ఆరేళ్ల లోపు వాళ్లయితే వాళ్ల పేర్లు కూడా అదే అంగన్‌వాడీలో రాయించు, వాళ్ల గుడ్డు వాళ్లకు విడిగా వస్తుంది. బడికి పోయేవాళ్లయితే మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంటుంది. పిల్లలందరికీ వాళ్ల వాటా వస్తుంటే నీ కంచం వైపు ఎవరూ చూడరు, నీకూ ముద్ద దిగుతుంది.

మీ అత్తగారితో నువ్వు మాట్లాడలేవు, ఆ సంగతి ఉత్తరంలోనే కనిపిస్తోంది. ఏ.ఎన్.ఎం. ఇంటికొచ్చినప్పుడు నీ రక్తం సంగతి ఆవిడ ముందే అడిగించు. మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అంటే సగానికి పైగా. నీకూ ఉండే అవకాశం ఎక్కువ. 'పాపకు పాలు చాలాలంటే కోడలు తినాలి' అని డ్రస్సులో ఉన్న నర్సమ్మ చెబితే వినే పద్ధతి వేరు.

మీ వైపు ఇంకో భాగ్యం ఉంది, చేపలు. నెత్తళ్లు, కవళ్లు లాంటి చిన్న చేపలు పెద్ద చేపల కంటే చవక, పులుసు పెడితే మెత్తబడి ముల్లుతో సహా నమిలేయొచ్చు, ఎముకలకు కావాల్సిన సున్నం, అంటే కాల్షియం, అందులోనే ఉంటుంది. బాలింతకు చేపలు పడవని ఎవరైనా అంటే పట్టించుకోకు. ఐరన్ మాత్ర టీతో వేసుకోవద్దు, టీ తాగిన గంటలోపు కూడా వద్దు, ఒంటికి పట్టదు. కాస్త నిమ్మరసం తాగి వేసుకుంటే బాగా పడుతుంది.

భర్త పోయిన నీకు వితంతు పింఛను నెలకు 4,000 వస్తుంది. దానికీ అంగన్‌వాడీ సరుకులకూ సంబంధం లేదు, ఒకటి తీసుకుంటే రెండోది పోతుందని ఎవరో చెప్పారని రాశావు, అదేమీ లేదు. మరణ ధ్రువీకరణ పత్రం, నీ ఆధార్ పట్టుకుని సచివాలయంలో ఇవ్వు. ఆ డబ్బు నీ చేతికి రావాలి, అది మాత్రం చూసుకో.

ప్రశ్న: బాలామృతం మా బాబు ఊసేస్తున్నాడు. ఎనిమిదో నెల. నీళ్లలా కలిపి సీసాలో పోసి పట్టొచ్చా? మా చెల్లెలి బిడ్డకు ఐదో నెల, వాడికి కూడా ఇందులోదే పెట్టమంటోంది మా అమ్మ. — గూడూరు నుంచి

జవాబు: సీసా వద్దు. పలచన చేస్తే కడుపు నిండుతుంది గానీ బలం రాదు, సీసా కడగడం సరిగ్గా కుదరక విరేచనాలు పట్టుకుంటాయి. చెల్లెలి బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏదీ వద్దు, ఎండాకాలమైనా నీళ్లు కూడా వద్దు.

బాలామృతం అంటే వేయించిన గోధుమ, శనగపప్పు పిండిలో పాలపొడి, నూనె, చక్కెర కలిపినది. ముందే వేయించినది కాబట్టి మళ్లీ ఉడికించే పని లేదు, కాచిన వేడి నీళ్లలోనో పాలలోనో కలిపితే చాలు. తీపి అందులోనే ఉంటుంది, మళ్లీ పంచదార వేయకండి. గిన్నె వంచితే జారిపోకుండా, చెంచా మీద నిలిచేంత చిక్కగా కలపండి. పిండి ఉండలు కట్టడం వల్ల కూడా పిల్లలు ఊసేస్తారు, ముందు రెండు చెంచాల చల్లారిన నీళ్లలో పేస్టులా చేసి ఆ తర్వాత వేడి నీళ్లు పోయండి. ప్యాకెట్ రెండున్నర కిలోలు, రోజుకు వంద గ్రాముల లెక్కన ఇస్తారు. ఒక్కసారే పెట్టకుండా మూడు నాలుగు పూటలుగా పెట్టండి. కొత్త రుచికి బిడ్డ నాలుక అలవాటుపడాలంటే ఎనిమిది పది సార్లు పెట్టి చూడాలి, ఒకరోజు ఊశాడని మానేయొద్దు. దాంతోపాటు మెత్తగా నలిపిన పప్పన్నం, అరటిపండు, ఉడికిన గుడ్డు పచ్చసొన కూడా మొదలుపెట్టండి.

చాలామంది తల్లులకు చెప్పాల్సింది ఇంకొకటుంది. బిడ్డకు ఆరు నెలలు నిండగానే తల్లి సరుకులు ఆగిపోతాయి. అది చూసి 'మాకు ఆపేశారు' అనుకుని అంగన్‌వాడీ వైపు పోవడం మానేస్తున్నారు. ఆగింది మీవి. బిడ్డవి అప్పుడే మొదలవుతాయి, ఆరేళ్లు నిండేదాకా ఉంటాయి. ఆ నెలలోనే వెళ్లి బిడ్డ పేరు రాయించండి.

ప్రశ్న: నా కూతురికి ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. ఇప్పుడు ఏడో నెల. ఆ అబ్బాయి మొహం చాటేశాడు. బయటికి పంపాలంటే నాకు భయంగా ఉంది, ఆస్పత్రికి కూడా రాత్రిపూట ఆటోలో తీసుకుపోతున్నా. అంగన్‌వాడీలో రాయిస్తే ఊరంతా తెలుస్తుంది. రాయించకపోతే రేపు బిడ్డకు బర్త్ సర్టిఫికెట్ ఎట్టా? — కావలి దగ్గర్నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ కూతురిని వెనకేసుకొచ్చి నిలబడ్డారు, అదే చాలా పెద్దపని. నలుగురూ ఏమనుకుంటారో అని ఏడో నెలలో పిల్లను ఆకలితోనో, చెకప్ లేకుండానో ఉంచితే నష్టం ఇద్దరికీ. ఊరి మాటలు రెండు నెలలుంటాయి, బిడ్డ బరువు తక్కువగా పుడితే ఆ ఇబ్బంది ఏళ్లు ఉంటుంది.

అంగన్‌వాడీలో పెళ్లి సర్టిఫికెట్ ఎవరూ అడగరు, అడగకూడదు. పిల్లలు వెళ్లిపోయాక మధ్యాహ్నం పూట మీరొక్కరే వెళ్లి టీచరుతో విడిగా మాట్లాడండి. తర్వాత ఒక్కసారి అమ్మాయిని తీసుకెళ్లండి, ఇప్పుడు సరుకులు ఇచ్చేటప్పుడు యాప్‌లో ముఖం ఫోటో తీస్తున్నారు కాబట్టి ఆమె స్వయంగా రావాలి. మాతృవందన డబ్బు కూడా ఈమెకు వస్తుంది, పైన రాశాను, భర్త ఆధార్ అక్కర్లేదు.

బర్త్ సర్టిఫికెట్ గురించి భయం వద్దు. 2015 జులైలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పెళ్లికాని తల్లి తన కడుపున పుట్టిన బిడ్డకు జనన ధ్రువపత్రం అడిగితే ఆమె దగ్గర అఫిడవిట్ తీసుకుని ఇవ్వాలి, తండ్రి పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఆస్పత్రిలో కాన్పయితే పుట్టుక నమోదు అక్కడే జరుగుతుంది. 21 రోజుల్లోపు అయితే రుసుము కూడా ఉండదు, ఆలస్యం చేయకండి. ఆస్పత్రి రిజిస్టరులో తండ్రి పేరు దగ్గర ఏదో ఒక పేరు, మీ తమ్ముడిదో మరొకరిదో రాయించే పని మాత్రం చేయొద్దు. అప్పటికి గండం గడుస్తుంది గానీ బడిలో చేర్చేటప్పుడు, ఆధార్ తీసేటప్పుడు ఆ పేరు బిడ్డ మెడకు చుట్టుకుంటుంది.

రాత్రిపూట ఆస్పత్రికి తీసుకుపోవడం ఆపండి. చెకప్‌లు జరిగేది పగలు. మాట్లాడటానికి ఎవరూ లేకపోతే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, ఆడవాళ్లే ఎత్తుతారు. మీ అమ్మాయి చేతనే మాట్లాడించండి, ఆమెకు మీతో చెప్పుకోలేనివి ఉండొచ్చు.

ప్రశ్న: చీమకుర్తిలో క్వారీ పనికి పోతాను. నా భర్త వేరే ఆమెతో ఉంటున్నాడు. పాపకు ఏడాదిన్నర. అంగన్‌వాడీలో చేతికి టేపు చుట్టి చూసి ఎరుపు వచ్చిందన్నారు, ఆస్పత్రిలో పద్నాలుగు రోజులు ఉండాలన్నారు. పెద్దోడికి నాలుగేళ్లు, వాణ్ణి ఎవరు చూస్తారు? పాప ఆడుకుంటూనే ఉంది, జబ్బేమీ లేదు. పోవాల్సిందేనా?

జవాబు: పోవాలమ్మా. ఈ ఉత్తరానికి మాత్రం సంచిక వచ్చేదాకా ఆగకుండా మీకు విడిగా కూడా రాశాను.

ఆ టేపు ఎడమ జబ్బకు, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుడతారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మూడు రంగులుంటాయి. పన్నెండున్నర సెంటీమీటర్ల పైన ఆకుపచ్చ. పదకొండున్నర కంటే తక్కువైతే ఎరుపు. ఎరుపు అంటే ఒంట్లో కండ కరిగిపోయిందని, మామూలు జలుబో విరేచనమో వచ్చినా తట్టుకునే శక్తి ఆ బిడ్డకు లేదని. ఆడుకుంటోంది కదా అని మనకు అనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. ఒకసారి పాప పాదం మీద బొటనవేలితో కాసేపు నొక్కి తీసి చూడండి. గుంట పడి అట్టాగే ఉండిపోతే అది వాపు, అప్పుడు రేపటిదాకా కూడా ఆగొద్దు. తిండి అస్సలు ముట్టకపోయినా, జ్వరం, విరేచనాలు ఉన్నా అంతే.

ఆస్పత్రిలో వాళ్లు చెప్పేది ఎన్.ఆర్.సి. అంటే పోషకాహార పునరావాస కేంద్రం. అక్కడ రెండు మూడు గంటలకొకసారి కొలిచి పాలు, ఆహారం పెడతారు, రాత్రిపూట కూడా. రోజూ బరువు చూస్తారు. ఇంటి దగ్గర, పనికి పోయే తల్లి వల్ల అయ్యే పని కాదది. తల్లికి భోజనం పెడతారు, పోయిన కూలికి రోజుకు కొంత డబ్బు కూడా ఇస్తారు. అది మీ క్వారీ కూలికి సరిపోదు, నిజమే. చేరేటప్పుడే ఆ డబ్బు గురించి అడిగి బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సు ఇవ్వండి, వచ్చేటప్పుడు అడిగితే ఆలస్యమవుతుంది.

పెద్దోడి సంగతి: నాలుగేళ్లు కాబట్టి పగలంతా అంగన్‌వాడీలో ఉంటాడు, అక్కడే భోజనం, గుడ్డు. రాత్రికి మీ అమ్మో అక్కో రాగలిగితే రమ్మనండి. ఎవరూ లేకపోతే వాణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్లి ఆ సంగతి అక్కడి డాక్టరుకు ముందే చెప్పండి. ఒకవేళ పాప బాగా తింటూ, వాపూ జ్వరమూ లేకుండా ఉందని డాక్టరు చూసి చెబితే ఇంటి దగ్గరే ఉంచి వారం వారం చూపించుకునే పద్ధతి కూడా ఉంది. కానీ ఆ మాట డాక్టరు చెప్పాలి, మీరు గానీ నేను గానీ కాదు.

ఇంటికొచ్చాక ఆగిపోకండి. బరువు బాగా తక్కువున్న పిల్లలకు అంగన్‌వాడీలో మామూలు పిల్లలకు ఇచ్చే దానికంటే ఎక్కువ క్యాలరీలు ఇవ్వాలని చట్టంలో ఉంది. అంటే మీ పాపకు అదనంగా రావాలి. అడగండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నా. మాది నెల్లూరు జిల్లాలో రొయ్యల గుంతల పక్కన ఉన్న యానాది కాలనీ. అంగన్‌వాడీ మూడు కిలోమీటర్ల దూరం, మధ్యలో కాలవ. మా అక్కలాంటివాళ్లు మొగుళ్లు లేకుండా పిల్లల్ని సాకుతున్నారు. చాలామంది పిల్లలకు ఆధార్ లేదు, పుట్టిన తేదీ కాగితాలు లేవు. 'అవి తెస్తే ఇస్తాం' అంటున్నారు.

జవాబు: బాబూ, నీలాంటి పిల్లవాడు ఒక్కడున్నా ఆ కాలనీకి బలం.

ఆధార్ లేదని పిల్లలకు ఏ పథకమూ ఆపకూడదని 2018 సెప్టెంబరులో ఆధార్ కేసు తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అంగన్‌వాడీలోనైతే బిడ్డ ఆధార్ తప్పనిసరే కాదు, తల్లి ఆధార్ మీదే రాస్తారు. తల్లికీ లేకపోతే ముందు తిండి ఇచ్చి, ఆ తర్వాత ఆమెకు ఆధార్ తీయించాలి, వరస అదీ. పుట్టుక నమోదు ఏడాది దాటి ఆలస్యమైతే మేజిస్ట్రేటు అధికారం ఉన్న రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి, అందరివీ ఒక్కొక్కటిగా కాకుండా కాలనీలోనే శిబిరం పెట్టమని ఐ.టి.డి.ఏ.ని, అంటే గిరిజనాభివృద్ధి సంస్థను అడగండి. నెల్లూరులో ఉన్న ఐ.టి.డి.ఏ. యానాదుల కోసం పెట్టిందే కదా.

దూరం సంగతి ఇంకా ముఖ్యం. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆరేళ్ల లోపు పిల్లలు నలభై మంది ఉండీ అంగన్‌వాడీ లేని ఆవాసం ఏదైనా, అక్కడివాళ్లు అడిగితే మూడు నెలల్లోపు కేంద్రం పెట్టాలి. కాబట్టి ఒక ఆదివారం కూర్చుని ఇంటింటికీ తిరిగి ఆరేళ్ల లోపు పిల్లల జాబితా రాయి. పేరు, వయసు, తల్లి పేరు, అంతే. గర్భిణులు, బాలింతలు విడిగా. నలభై కంటే తక్కువైనా రాయి, అప్పుడు దగ్గరి కేంద్రం నుంచి సరుకులు కాలనీకే తెచ్చి ఇవ్వమని అడగొచ్చు. తల్లుల వేలిముద్రలో సంతకాలో పెట్టించి, అంగన్‌వాడీలను చూసే సి.డి.పి.ఓ. ఆఫీసులో ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకో. సంతకం లేకుండా ఇచ్చిన అర్జీ ఇచ్చినట్టు కాదు. కదలిక లేకపోతే సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడ అదే జాబితా కాపీ ఇవ్వు, లేదా ప్రభుత్వ ఫిర్యాదుల నంబరు 1100కి ఫోన్ చేసి, వాళ్లిచ్చే ఫిర్యాదు నంబరు రాసుకో. ఆహార భద్రత చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం, ఇవ్వాల్సిన ఆహారం ఇవ్వకపోతే దానికి బదులు భత్యం చెల్లించాలి. అర్జీలో ఆ సెక్షన్ నంబరు రాయి. రాసినప్పుడు చదివేవాళ్లు కాస్త సర్దుకుని కూర్చుంటారు.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్‌ని. సర్వర్ పనిచేయదు, ముఖం ఫోటో పట్టదు, తల్లులు నామీద అరుస్తారు. కాన్పుకు ముందు తీసిన ఫోటోతో ఇప్పటి ముఖం కలవడం లేదంటుంది యాప్. పైవాళ్లు ఎక్కకుండా ఇవ్వొద్దంటారు. నేనేం చేయాలి? — కనిగిరి వైపు

జవాబు: చెల్లెమ్మా, ఈ శీర్షికలో ఇప్పటిదాకా 'టీచరును అడగండి, టీచరును అడగండి' అని రాశాను, ఆ అడిగేవాళ్లందరికీ జవాబు చెప్పేది నువ్వొక్కదానివే అని నాకు తెలుసు. వంట, బడి, బరువులు, ఇళ్లకు తిరగడం, పైన ఫోన్. 11,500 రూపాయల జీతానికి. 2023 డిసెంబరు నుంచి 42 రోజులు మీరంతా రోడ్డు మీద కూర్చున్నది ఊరికే కాదు.

ముఖం కలవకపోతే తల్లిని వెనక్కి పంపొద్దు. ఆ రోజు, ఆ సమయం, యాప్‌లో ఏం తప్పు చూపిందో ఆ తెర ఫోటోతో సహా రిజిస్టరులో రాసి, తల్లి సంతకం పెట్టించి, సూపర్‌వైజరుకు ఆ ఫోటో వాట్సాప్‌లో పంపి, ఏం చేయమంటారో రాతలో అడుగు. నోటిమాటగా 'ఇవ్వొద్దు' అనేవాళ్లు రాతలో అనరు. కాన్పయ్యాక ముఖం మారినవాళ్లకు కొత్తగా ఈకేవైసీ చేసి ఫోటో మార్చమని సూపర్‌వైజరునే అడుగు. సిగ్నల్ లేని రోజు గుడ్లు పాడవకుండా చూసుకోవడం కూడా నీ మీదే పడుతుంది, అందుకే వచ్చిన తేదీ ట్రే మీద రాసి పెట్టు.

మీ కేంద్రం పరిధిలో భర్త లేకుండా పిల్లల్ని సాకుతున్న తల్లులు ఎందరున్నారో, వాళ్లలో ఎవరి ఆధార్‌కు ఎవరి ఫోన్ నంబరు లింకై ఉందో ఒక కాగితం మీద రాసి నాకు పంపగలవా? వచ్చే సంచికలో ఆ నంబర్లు మార్పించే పద్ధతి గురించే పూర్తిగా రాస్తాను.